బతికున్న డిస్కుని బయటికి లాగకండి

మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. వాడింట్లో నాలుగు బేల నాస్ ఒకటుంది, అంటే నాలుగు డిస్కులకి అరలుండి, ఇంట్లో అందరి ఫైళ్ళూ నెట్‌వర్క్ మీద దాచుకునే పెట్టె, ఆరేళ్ళ కిందట నేనే దగ్గరుండి కొనిపించాను కాబట్టి దానికి జలుబు చేసినా ఫోన్ నాకే వస్తుంది. "అన్నయ్యా, కొత్త డిస్కులు నాలుగూ వచ్చేశాయి, ఒకటి లాగడం ఒకటి పెట్టడం, అది నిండగానే రెండోది లాగడం, అంతే కదా, మధ్యలో ఆఫ్ చెయ్యక్కర్లేదు కదా" అని గడగడా అడిగేస్తున్నాడు, వెనకాల ట్రే లాక్ టక్కుమని ఊడిన చప్పుడు కూడా వినపడింది. "ముందు అందులోంచి చెయ్యి తియ్యిరా" అని అరిచేశాను. పాపం వాడు బిత్తరపోయాడు, ఎందుకంటే ఆ పద్ధతి వాడికి నేర్పింది నేనే.

ఆ తర్వాత గంటసేపు ఫోన్లో వాదించుకున్నాం. వాడు అడిగినవాటిలో సగానికి నా దగ్గర సరైన జవాబు లేదని ఫోన్ పెట్టేశాక గానీ తెలీలేదు. అందుకే ఈ పోస్టు. నేను చెప్పేది ఒక్కటే. ఒక్క పారిటీ (ఒక డిస్కు పోతే దాంట్లోది తిరిగి రాబట్టడానికి ఉంచుకునే అదనపు లెక్క) మాత్రమే ఉన్న నాస్‌లో, అంటే డిస్కుల్ని కలిపి వాడే రెయిడ్ పద్ధతుల్లో రెయిడ్ 5 లాంటి దాంట్లో, బాగా పనిచేస్తున్న డిస్కుని లాగేసి ఆ చోట్లో కొత్తది పెట్టి రీబిల్డ్ చేయించడం, అంటే మిగతావాటి నుంచి లెక్క కట్టి దాన్ని నింపించడం, అదీ వరసగా నాలుగుసార్లు, నాకిప్పుడు వట్టి పిచ్చి పనిలా కనిపిస్తోంది. బాక్సు మాన్యువల్ అలాగే చెయ్యమన్నా సరే.

నా బల్ల మీద డిస్కు

నా పాత బాక్సులో నాలుగు 4 టీబీ డిస్కులు, రెయిడ్ 5. నాలుగూ ఒకే రోజు ఒకే పెట్టెలో వచ్చినవి, సీరియల్ నంబర్లలో చివరి రెండంకెలే తేడా. పవర్ ఆన్ అవర్స్ 50,000 దాటాయి, అంటే ఐదేళ్ళ ఎనిమిది నెలలు ఆగకుండా తిరిగాయన్నమాట. జాగా కూడా అయిపోవస్తోంది, సరేలే అని నాలుగు 12 టీబీ డిస్కులు తెచ్చుకుని మొదలుపెట్టాను.

ముందు స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు, చూశాను, నాలుగూ పచ్చగానే ఉన్నాయి. మొదటి బేలో డిస్కు లాగి కొత్తది పెడితే పదకొండు గంటల్లో రీబిల్డ్ అయిపోయింది. ఓస్ ఇంతేనా అనిపించింది. మర్నాడు సాయంత్రం ఏడున్నరకి రెండో బే. లాగిన డిస్కు ఇంకా గోరువెచ్చగా ఉంది, దాన్ని బల్ల మీద ఓ పాత నోట్‌బుక్ మీద పెట్టి, కొత్తదానికి నాలుగు స్క్రూలు బిగించి లోపలికి తోసి, రీబిల్డ్ నొక్కేసి పడుకున్నాను. రాత్రి రెండున్నరకి బీప్ మొదలైంది. లేచి చూస్తే 61 శాతం దగ్గర ఆగిపోయి ఉంది. మూడో బేలో డిస్కు కొన్ని సెక్టార్లు (డేటా దాచే చిన్న గళ్ళు) చదవలేకపోతోంది, వాల్యూమ్ (నాలుగు డిస్కులూ కలిసిన నిల్వ) క్రాష్ అయిందని ఎర్ర అక్షరాల్లో రాసి ఉంది. స్మార్ట్‌లో 197 నంబరు అని ఒకటుంటుంది, డిస్కు చదవలేకపోయి తర్వాత చూద్దామని గుర్తు పెట్టుకున్న సెక్టార్ల లెక్క అది, పొద్దుటిదాకా సున్నా ఉన్నచోట 48 ఉంది.

విచిత్రం ఏంటంటే ఆ మూడో డిస్కుని ముందు రోజు రీబిల్డ్‌లో ఈ చివర నుంచి ఆ చివరిదాకా చదివింది బాక్సు, ఒక్క తప్పు కూడా రాలేదు. ఒక్క రోజు తేడాలో డిస్కుని చదివే తల అరిగిందో, దుమ్ము రేణువేదైనా పడిందో, ఎవడికి తెలుసు.

పక్కకి తిరిగితే బల్ల మీద రెండో డిస్కు. ఏ రోగమూ లేనిది. నా డేటాలో దాని వంతు మొత్తం దాంట్లో ఉంది. తీసి మళ్ళీ అదే బేలో పెట్టాను. బాక్సు దాన్ని గుర్తే పట్టలేదు, కొత్త డిస్కేమో అనుకుని ఫార్మాట్ చెయ్యమంటావా అని అడిగింది. ఎందుకంటే ఈ ఏడు గంటల్లో ఇంట్లో ఫోన్లన్నీ ఎప్పట్లాగే ఫొటోలు ఎక్కించుకుంటూ పోయాయి, మిగతా డిస్కులు ముందుకెళ్ళిపోయాయి, ఇది వెనకబడిపోయింది. కమాండ్ లైన్లో బలవంతంగా కలిపే దారి ఉందని తెలుసు, కానీ ఆ నిద్రమొహంతో, ఒక్క అక్షరం తప్పు కొడితే ఉన్నది కూడా పోతుందన్న భయంతో, ఆ పని చెయ్యలేకపోయాను.

యూఎస్‌బీ డిస్కులో బ్యాకప్ ఉంది, పందొమ్మిది రోజుల పాతది. ఫొటోలు ఎలాగూ ఫోన్లలో ఉన్నాయి. పోయిందల్లా ఆ పందొమ్మిది రోజుల్లో నేను కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించుకున్న నాన్న పాత కేసెట్లు, పదకొండు ఫైళ్ళు. కేసెట్లు ఉన్నాయి కదా మళ్ళీ ఎక్కించుకుందాం అని మొదలుపెడితే, పదింటికి బానే వచ్చింది, పదకొండోది సగంలో రీలు ప్లేయర్‌కి చుట్టుకుపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత ఎప్పుడో పుట్టింది గానీ, నాకు దాని అర్థం ఆ రీలుని పెన్సిలుకి చుడుతున్నప్పుడు తెలిసింది.

గంటలో అయిపోయే పని అనుకున్న రోజులు

ఈ రెయిడ్ ఆలోచన 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అని బర్క్‌లీలో ముగ్గురు రాసిన పేపర్‌తో ఊళ్ళోకి వచ్చింది. పెద్ద ఖరీదైన డిస్కు ఒక్కటి కొనే బదులు చవక డిస్కులు బోలెడు కలిపి వాడుకుందాం, ఏదైనా ఒకటి పోతే మిగతావాటితో నెట్టుకొద్దాం అనేది అందులో సంగతి. ఆ పేపర్ ఇప్పుడు చదివితే రెండు విషయాలు గుచ్చుకుంటాయి. ఒకటి, వాళ్ళు లెక్కలోకి తీసుకున్న చిన్న డిస్కు 100 ఎంబీది, పోయిన డిస్కుని మార్చి మళ్ళీ నింపడానికి వాళ్ళు వేసుకున్న టైము గంట. రెండు, ఒక డిస్కు పోవడానికీ ఇంకో డిస్కు పోవడానికీ సంబంధం లేదని అనుకుని లెక్క కట్టారు, అనుకుంటున్నామని వాళ్ళే చెప్పుకున్నారు కూడా.

ఇప్పుడు మనింట్లో ఏం జరుగుతోందో చూడండి. 16 టీబీ డిస్కు అంటే అప్పటిదానికి లక్షా అరవై వేల రెట్లు. సెకనుకి సగటున 200 ఎంబీ చొప్పున ఎక్కడా ఆగకుండా రాసినా 22 గంటలు పడుతుంది, బాక్సు పక్కన వేరే పనులు చేసుకుంటూ ఉంటే ఇంకా ఎక్కువ. సైజు పెరిగినంతగా స్పీడు ఎందుకు పెరగలేదంటే, సైజు పెంచడానికి ట్రాకులో, అంటే ప్లేటు మీద డేటా రాసే గుండ్రటి గీతలో, బిట్లని దగ్గరగా కూరుతారు, ట్రాకుల్ని కూడా ఒకదానికొకటి దగ్గరగా జరుపుతారు, ప్లేట్లు కూడా ఎక్కువ పెడతారు, వీటిల్లో మొదటిది మాత్రమే స్పీడుని పెంచుతుంది, మిగతావన్నీ చదవాల్సిన ట్రాకుల లెక్కని పెంచుతాయి. తిరిగే వేగం చూస్తే చాలా ఏళ్ళుగా అదే నిమిషానికి 7,200 చుట్లు. కాబట్టి రీబిల్డ్ అనేది గంట పనల్లా పగలూ రాత్రీ పని అయింది, పెద్ద డిస్కులు కొన్నకొద్దీ ఆ కిటికీ ఇంకా ఇంకా పెద్దగా తెరుచుకుంటోంది.

ఇక డిస్కులకి ఒకదానితో ఒకటి సంబంధం లేదన్న మాట. ఒకే పెట్టెలో, ఒకే లాట్‌లో, ఒకే లారీలో కుదుపులు తిని వచ్చి, ఒకే బాక్సులో ఒకే వేడిలో ఐదేళ్ళు తిరిగిన నాలుగు డిస్కులు! 2019లో ఒక పెద్ద సర్వర్ల కంపెనీ తన ఎస్‌ఎస్‌డీల (ప్లేట్లు తిరగకుండా చిప్పుల్లో దాచే డ్రైవుల) గురించి ఒక హెచ్చరిక పెట్టింది, ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపలి ప్రోగ్రాం) తప్పు వల్ల సరిగ్గా 32,768 గంటలు నడిచాక డ్రైవు చచ్చిపోతుంది, డేటా తిరిగి రాదు అని. ఒకే రోజు స్విచ్ వేసిన డ్రైవులన్నీ ఒకే గంటలో పోతాయన్నమాట, ఎన్ని పారిటీలు ఉంటే ఏం లాభం. అది ఎస్‌ఎస్‌డీ కథ, మన తిరిగే డిస్కులకి అంత కచ్చితంగా జరగదు, కానీ ఒకటి పోయిందంటే దాని కవల మీద నాకు అనుమానం వస్తుంది, రావాలి కూడా.

నేను తప్పుగా చెప్తూ వచ్చినవి

ఫోన్లో మావాడు నన్ను పట్టేసిన చోటు ఇది. "రీబిల్డ్ చేస్తే పాత డిస్కుల మీద ఒత్తిడి పడుతుంది, అందుకే అప్పుడే పోతాయి" అని నేను ఏళ్ళ తరబడి అందరికీ చెప్తున్నాను. వాడు ఒకటే అడిగాడు, "మరి నెలనెలా స్క్రబ్ చేయిస్తావు కదన్నయ్యా, అది కూడా మొత్తం చదవడమే కదా, అప్పుడు పడదా ఒత్తిడి?"

నా దగ్గర మాట లేదు. నిజమే. స్క్రబ్ అంటే తప్పులు వెతకడానికి బాక్సు చేసే తనిఖీ, అది కూడా ప్రతి డిస్కునీ మొత్తం చదువుతుంది, రీబిల్డ్‌లో మిగతా మూడు డిస్కులు చేసే పని కూడా అంతే, వరసగా చదువుకుంటూ పోవడం. నెలకోసారి పరిగెత్తే మనిషి ఒకరోజు ఎక్కువ పరిగెత్తితే చచ్చిపోడు. కాబట్టి ఒత్తిడి అన్న మాటని వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంకో మాట కూడా వెనక్కి తీసుకోవాలి. డిస్కు స్పెసిఫికేషన్లో 10 పక్కన 14 సున్నాలు, కాదు కాదు, ఒకటి పక్కన 14 సున్నాలు, అన్ని బిట్లు చదివితే ఒక్క బిట్ చదవలేకపోవచ్చు అని రాసి ఉంటుంది. అది టీబీల్లో వేస్తే 12.5. నా రీబిల్డ్‌లో చదవాల్సింది మూడు డిస్కులు, 12 టీబీ. ఆ లెక్కన రీబిల్డ్ ఫెయిలయ్యే అవకాశం నూటికి అరవై పైనే అని నేను ఒకప్పుడు భయపెట్టి ఉన్నాను చాలామందిని. కానీ నా సొంత బాక్సే దీనికి ఎదురు సాక్ష్యం. నెలకో స్క్రబ్, స్క్రబ్‌కి 16 టీబీ, ఐదేళ్ళ ఎనిమిది నెలలకి వెయ్యి టీబీ పైనే చదివింది. ఆ లెక్కే నిజమైతే ఎనభైకి పైగా తప్పులు రావాలి, ఒక్కటి రాలేదు. ఆ అంకె కంపెనీ వాడు ఇంతకంటే ఎక్కువ తప్పులు రావని ఒప్పుకునే హద్దు, రోజూ జరిగేది అది కాదు.

మరి ఒత్తిడీ కాదు, ఆ సున్నాల లెక్కా కాదు అంటే నా రీబిల్డ్ ఎందుకు మునిగింది? దీని మీద రెండు రోజులు కూర్చున్నాను. స్క్రబ్‌కీ రీబిల్డ్‌కీ చదవడంలో తేడా లేదు, చదవలేకపోతే ఏమవుతుంది అన్నదాంట్లో ఉంది తేడా అంతా. స్క్రబ్ చేసేటప్పుడు మూడో డిస్కులో సెక్టార్ రాకపోతే బాక్సు మిగతా మూడింట్లోంచి లెక్క కట్టి దాన్ని మళ్ళీ రాసేస్తుంది, మనకి తెలీను కూడా తెలీదు, లాగ్‌లో ఒక లైను ఉంటుందంతే. నేను రెండో డిస్కు లాగేశాక అదే సెక్టార్ రాకపోతే లెక్క కట్టడానికి అంకె ఒకటి తక్కువైంది. ఆ తక్కువైన అంకె ఎక్కడుంది? నోట్‌బుక్ మీద గోరువెచ్చగా చల్లారుతోంది.

అంటే ఆ 48 సెక్టార్లు ఏ మామూలు రోజునో పోయి ఉంటే నేను తాపీగా ఒక డిస్కు ఆర్డర్ పెట్టుకునేవాణ్ణి, అంతే. అదే సెక్టార్లు, అదే డిస్కు. ఆపద డిస్కులో లేదు, నేను లాగేసిన ఆ పదకొండు గంటల్లో ఉంది, అది నేను నా చేత్తో తెచ్చిపెట్టుకున్నది.

స్మార్ట్ పచ్చగా ఉందిగా, ఇంకేం భయం అనుకునేవాళ్ళకి ఒక మాట. 2007లో గూగుల్ వాళ్ళు తమ లక్ష పైచిలుకు డిస్కుల మీద ఒక పేపర్ రాశారు. అందులో పోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా, ఉష్ణోగ్రత తప్పించి, స్మార్ట్‌లో ఏ అంకె కూడా కదలకుండానే పోయాయి. ఎర్రగా ఉంటే నమ్మండి, పచ్చగా ఉంటే మాత్రం అది ఏమీ చెప్పలేదని అర్థం, బాగుందని కాదు.

లాగకుండా ఎలా మారుస్తారు మరి

మొదటి దారి, పాతది లోపల ఉండగానే కొత్తది పక్కన పెట్టడం. లినక్స్‌లో రెయిడ్ నడిపే ఎండీఏడీఎం అనే కమాండ్‌కి రీప్లేస్ అని ఒక ఆప్షన్ ఉంది, దానికి కావాల్సిన ఏర్పాటు 2012లో వచ్చిన 3.3 కెర్నల్ (లినక్స్ గుండెకాయ) నుంచీ ఉంది. అది పాత డిస్కు నుంచి కొత్త డిస్కులోకి నేరుగా కాపీ చేస్తుంది, పాతదాంట్లో ఏదైనా సెక్టార్ రాకపోతే అప్పుడు మాత్రమే మిగతా డిస్కుల్ని అడుగుతుంది, కాపీ పూర్తయ్యాకే పాతదాన్ని పక్కన పెడుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో నిల్వ పద్ధతిలో కూడా జెడ్‌పూల్ రీప్లేస్ అనే కమాండ్‌తో పాతది తగిలించి ఉండగానే చేసుకోవచ్చు. ఈమధ్య రెడీమేడ్ బాక్సుల మెనూల్లో కూడా కొన్నింట్లో ఈ సదుపాయం పెట్టారు. ఆ పనంతా జరుగుతున్నంతసేపూ పారిటీ చెక్కుచెదరదు. ఆరోజు నేను ఇలా చేసి ఉంటే రెండో డిస్కు కాపీ కోసం మూడో డిస్కుని ముట్టుకునే పనే ఉండేది కాదు.

కానీ దీనికి ఒక బే ఖాళీ ఉండాలి. నాలుగు బేల బాక్సు కొన్నవాడు నాలుగూ నింపేస్తాడు, నేనూ నింపాను. ఎవరైనా కొత్తగా కొంటున్నామని అడిగితే ఇప్పుడు నేను చెప్పేది, నాలుగు డిస్కులు కావాలనుకుంటే ఐదు బేలది కొనమని. "ఐదో వంతు జాగా దండగ కదా" అంటారు. దండగే. కారు డిక్కీలో స్టెప్నీ కూడా రోజూ దండగగానే తిరుగుతుంది.

ఖాళీ బే లేనివాళ్ళకి రెండో దారి, నాకిప్పుడు బాగా నచ్చింది ఇదే, మావాడితో చేయించింది కూడా ఇదే. బ్యాకప్ తాజాగా తీసి, అందులోంచి నాలుగు ఫైళ్ళు తెరిచి చూసుకుని, బాక్సుని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, నాలుగు పాత డిస్కుల్నీ ఒకేసారి తీసెయ్యండి. ఏది ఏ బేలోదో టేపు మీద రాసి అంటించి భద్రంగా పెట్టండి. నాలుగు కొత్తవీ పెట్టి మొదటినుంచీ కొత్త వాల్యూమ్ చేసుకుని, బ్యాకప్ నుంచి డేటా దింపుకోండి.

మొదట వింటే ఇదే ఎక్కువ భయంగా ఉంటుంది, ఉన్నదంతా ఊడదీసి బయట పెట్టడమేంటని. కానీ ఆలోచించండి, ఒక్క డిస్కు లాగితే లోపలున్న సెట్టూ కుంటిదవుతుంది, బయటికొచ్చిన డిస్కూ ఒంటరిగా ఎందుకూ పనికిరాదు. నాలుగూ కలిపి తీస్తే ఆ నాలుగూ కలిసి ఇంకా పూర్తి వాల్యూమే, పారిటీతో సహా, ఆ నిమిషంలో ఎలా ఉందో అలా నిద్రపోతుంది. కొత్త సెట్‌లో ఏదైనా తేడా వస్తే వాటిని మళ్ళీ అవే బేల్లో పెట్టి స్విచ్ వేస్తే లేచి కూర్చుంటుంది. అంటే డేటా దింపుకుంటున్నంతసేపూ మీ దగ్గర రెండు పూర్తి కాపీలు ఉన్నట్టు, ఒకటి యూఎస్‌బీలో, ఒకటి టేపు అంటించిన ఆ నాలుగింట్లో. టైము కూడా చూడండి. పది టీబీ డేటా యూఎస్‌బీ డిస్కు నుంచి సెకనుకి 150 ఎంబీ చొప్పున వస్తే పద్దెనిమిదిన్నర గంటలు. నా పద్ధతిలో పదకొండేసి గంటలు నాలుగుసార్లు, నలభై నాలుగు గంటలు, ఆ నలభై నాలుగూ సన్నటి తీగ మీద నడక.

వాడి వాదన కూడా వినాలి

మావాడు ఊరుకోలేదు. "షేర్లు, యూజర్లు, పాస్‌వర్డులు, ఆ వీడియోల యాప్‌లో నేను ఒక్కొక్కటీ పెట్టుకున్న పోస్టర్లు, అన్నీ మళ్ళీ చెయ్యాలా?" అన్నాడు. చెయ్యాలి. చాలా బాక్సుల్లో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఆ డిస్కుల్లోనే ఉంటుంది, కాబట్టి కొత్త డిస్కులు పెడితే బాక్సు కొత్త పెళ్ళికూతురిలా మొదటి స్క్రీన్‌తో లేస్తుంది. సెట్టింగులు ఎక్స్‌పోర్ట్ చేసుకునే మెనూ ఉంటుంది, అది అన్నీ పట్టుకురాదు, అందుకే నేను ప్రతి సెట్టింగ్ పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోమన్నాను. వాడికి దానికే ఒక పూట పట్టింది, తిట్టుకుంటూనే తీశాడు. ఒక్కొక్కటీ మార్చే పద్ధతిలో ఈ గొడవేం లేదు, బాక్సు నడుస్తూనే ఉంటుంది, సినిమా చూస్తూ చూస్తూ డిస్కు మార్చెయ్యొచ్చు. ఆ సుఖం నిజమైనదే, కాదనను. అందరూ అదే చేస్తుండటానికి కారణం కూడా అదే.

"బ్యాకప్ ఉంటే ఇంక ఏ పద్ధతైతే ఏంటి, పోతే దాన్నుంచి తెచ్చుకుంటాం కదా" అన్నది వాడి ఇంకో ప్రశ్న. దీనికి మాత్రం నేను తడుముకోలేదు. బ్యాకప్ ఉంది కదా అని ప్రమాదం తెచ్చుకోవడం వేరు, బ్యాకప్‌నే పద్ధతిగా వాడుకోవడం వేరు. క్రాష్ అయ్యాక బ్యాకప్ నుంచి తెచ్చుకునేటప్పుడు ఆ యూఎస్‌బీ డిస్కు ఒక్కటే నీ ప్రాణం, అది కింద పడితే అయిపోయావు. పాత సెట్ భద్రంగా ఉండగా తెచ్చుకుంటే అది కింద పడినా నవ్వుకోవచ్చు. అసలు బ్యాకప్ లేనివాడి సంగతంటారా, వాడికి ముందు కొత్త డిస్కుల్లో ఒకదాన్ని యూఎస్‌బీ డాక్‌లో (విడి డిస్కుని కేబులుతో తగిలించుకునే స్టాండులో) పెట్టి ముఖ్యమైనవన్నీ అందులోకి కాపీ చేసుకోమని చెప్పాలి, మిగతా కబుర్లన్నీ తర్వాత.

నా మాట అన్ని బాక్సులకీ వర్తించదు, అది కూడా చెప్పేస్తాను. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉండే మిర్రర్ అయితే లాగిన డిస్కు తనంతట తానే ఒక పూర్తి కాపీ, కాబట్టి ఒక్కొక్కటీ మార్చడంలో అంత భయం లేదు. రెండు పారిటీలుండే రెయిడ్ 6 అయితే ఒకటి లాగినా ఇంకో పారిటీ కాపు కాస్తుంది. ఇక డిస్కు నిజంగానే చచ్చిపోతే లాగడం తప్ప దారి లేదు, అప్పుడు కూడా నేనైతే రీబిల్డ్ నొక్కే ముందు మళ్ళీ దొరకనివి, ఫొటోలు, కాగితాలు, గొంతులు, అవి ముందు వేరే చోటికి కాపీ చేసుకుంటాను. ఒక్కొక్కటీ మార్చడం తప్పదనుకునేవాళ్ళు కనీసం ఆ గంటల్లో ఫోన్ అప్‌లోడ్‌లూ గట్రా అన్నీ ఆపెయ్యండి, బయట పెట్టిన డిస్కు వెనకబడకుండా ఆఖరి ఆశగానైనా మిగులుతుంది.

అసలు ఎందుకు మారుస్తున్నావురా అని కూడా అడిగాను వాణ్ణి. ఆరేళ్ళయింది కదా అన్నాడు. వయసు చూసి మార్చడం మీద నాకు ఇంకా ఒక నిర్ణయానికి రావడం కుదరట్లేదు. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ వాళ్ళు ఏటా లెక్కలు బయటపెడతారు, 2024లో వాళ్ళ దగ్గర పోయినవి ఏడాదికి నూటికి 1.57. ఆ లెక్కన ఆరేళ్ళ డిస్కు రేపే పోతుందని భయపడక్కర్లేదు. ఇంకోవైపు 2007లోనే ష్రోడర్, గిబ్సన్ రాసిన పేపర్ ఒకటుంది (గిబ్సన్ అంటే పైన 1988లో చెప్పిన ఆయనే), కొన్నాళ్ళు బాగా నడిచి ఒక్కసారిగా ముసలివవుతాయన్న మాట నిజం కాదు, మార్చాల్సి రావడం వయసుతోపాటు మెల్లగా పెరుగుతూనే ఉంటుంది అని తేల్చింది. కాబట్టి జాగా చాలకపోతే మార్చు, తప్పులు కనిపిస్తే మార్చు, పుట్టినరోజు వచ్చిందని మాత్రం మార్చకు అని చెప్పాను. వాడికి జాగా కూడా అయిపోయిందిలెండి.

కొత్తవి పెట్టేముందు

దీని మీద ఎక్కువ చెప్పను. కొత్త డిస్కు సీఎంఆర్ (ట్రాకులు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా విడివిడిగా ఉండేది) అవునో కాదో చూసుకోండి. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి, రీబిల్డ్ రోజుల తరబడి సాగుతుంది లేదా మధ్యలో డిస్కే బయటికి తన్నేయబడుతుంది. 2020లో నాస్ కోసమని అమ్మిన కొన్ని డిస్కుల్లోనే చెప్పకుండా ఎస్‌ఎంఆర్ పెట్టారని బయటపడి పెద్ద రభస అయింది, కాబట్టి డబ్బా మీద నాస్ అని ఉంటే చాలదు, మోడల్ నంబరు పట్టుకుని చూడాలి. మామూలు డెస్క్‌టాప్ డిస్కు చెడ్డ సెక్టార్‌తో నిమిషాల తరబడి కుస్తీ పడుతుంది, నాస్ డిస్కు ఏడు సెకన్లలో నా వల్ల కాదని చెప్పేస్తుంది, ఆ చెప్పేయడమే మనకి కావాల్సింది. బాక్సు కంపెనీ ఏ డిస్కుల్ని ఒప్పుకుంటుందో కూడా చూసుకోండి, 2025లో నాస్‌లు అమ్మే సినాలజీ తన కొత్త ప్లస్ మోడళ్ళలో ముద్రపడిన డిస్కులే వాడాలని పట్టుబట్టి, జనం గోల చేస్తే అక్టోబరులో వెనక్కి తగ్గింది.

అన్నిటికంటే ముఖ్యం, సీరియల్ నంబరు. స్క్రీన్ మీద డిస్కు 2 అంటే ఎడమనుంచి రెండోదా, లేక సున్నా నుంచి లెక్కపెడితే మూడోదా? లినక్స్ ఒక డిస్కుకి పెట్టిన ఎస్‌డీబీ అన్న పేరు రీబూట్ అయితే ఎస్‌డీసీ అయిపోవచ్చు. మావాడి ట్రేలన్నిటి ముందు ఇప్పుడు సీరియల్ నంబరు చివరి నాలుగు అక్షరాలు రాసిన తెల్ల టేపు ఉంది. మొదట అందం చెడిపోతుందన్నాడు.

వాడి పని నిన్న రాత్రికి అయిపోయింది. పాత నాలుగూ ఒక అట్టపెట్టెలో పెట్టి పైన తారీఖు వేశాడట, మూడు నెలలదాకా ముట్టుకోవద్దన్నాను. పోస్టర్లు మాత్రం ఇంకా పెట్టుకుంటున్నాడు, రోజుకో పది.

ఇక నా బల్ల మీద డిస్కు, ఆ రెండోది. క్రాష్ అయిన వారానికి దాన్ని డాక్‌లో పెట్టి స్మార్ట్ లాంగ్ టెస్ట్ నడిపాను, ఎనిమిది గంటలు పట్టింది, ఒక్క సెక్టార్ కూడా చెడలేదు. ఇప్పటికీ అందులోనే నెలకోసారి కేసెట్ల ఫైళ్ళు కాపీ చేసుకుంటున్నాను. పది ఫైళ్ళు, పదకొండోది సగం.